లెవెల్ ఒకటే, స్పీడ్ వేరే ఎందుకు? పోకెమాన్ ఫైర్‌రెడ్‌లో ఎక్స్‌పీ లెక్క, పెంచే పద్ధతి

ఈ వేసవి సెలవులకి మా అక్క కొడుకు నరసాపురం రేవులో పంటు ఎక్కి మా సఖినేటిపల్లి వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే జేబులోంచి పాత డీఎస్ లైట్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) తీసి నా మొహం ముందు పెట్టాడు. "పిన్నీ, నీ పికాచు 30, నా పికాచూ 30. నీదానికి స్పీడ్ 72 ఉంది, నాదానికి 63 ఏంటి? నాది పాడైపోయిందా?"

పాడవలేదు. పోకెమాన్ అంటే జీవుల్ని పట్టుకుని, పెంచి, యుద్ధాలు చేయించే ఆట. వాడి పికాచు 10వ లెవెల్ నుంచి 30 దాకా డే కేర్‌లోనే (వదిలేసి మనం నడుస్తుంటే పోకెమాన్ దానంతటదే పెరిగే చోటు) పెరిగింది, ఒక్క యుద్ధం కూడా చెయ్యలేదు. నాది విరిడియన్ అడవిలో పట్టుకున్న రోజు నుంచీ గడ్డిలో తిరిగి, దెబ్బలు తిని పెరిగింది. ఆ తొమ్మిది పాయింట్ల తేడా ఎక్కడిదో చెప్పాలంటే ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నాలుగు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చాలామంది పిల్లలు పైకి కనపడే లెవెల్ అంకె చూసి సంబరపడుతున్నారు. ఆ అంకె వెనకాల ఇంకో పెంపకం నడుస్తుంది, అది తెలిస్తే ఆట రుచే వేరు.

నేను చెప్పేది ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌ల లెక్క. 1996లో జపాన్‌లో వచ్చిన మొట్టమొదటి రెడ్, గ్రీన్ ఆటల్నే 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి కొత్తగా చేసి ఇచ్చారు. మీరు ఆడేది కొత్త ఆట అయితే ఏం మారిందో చివర్లో చెప్తాను.

నా దగ్గరున్నది గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ. మా అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేసేది. రెండేళ్లకి సెలవు మీద వచ్చినప్పుడు పాలపొడి డబ్బాల మధ్య, దుప్పట్లో చుట్టి దీన్ని తెచ్చింది. ఆ ఇంటి పిల్లాడు కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేశాడట. నాకప్పుడు పదకొండేళ్లు. దీని తెరకి సొంత లైటుంది, కరెంటు పోయిన రాత్రుళ్లు కూడా ఆడుకోవచ్చు. అమ్మ మళ్లీ వెళ్లిపోయాక, దేన్ని పడగొడితే ఎంత ఎక్స్‌పీ వచ్చిందో వంద పేజీల నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చునేదాన్ని. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఎంతదాకా వచ్చిందే నీ చేప?" అని అడిగేది. ఆ చేప సంగతి కింద వస్తుంది.

ఒక్క పిజీతో లెక్క

మొదట్లో మీకిచ్చే పోకెమాన్ 5వ లెవెల్‌లో ఉంటుంది. మీరు చార్‌మాండర్‌ని తీసుకున్నారు, రూట్ 1 గడ్డిలో 3వ లెవెల్ పిజీ ఎదురైంది అనుకోండి. దాన్ని పడగొడితే 23 ఎక్స్‌పీ వస్తుంది. ఆటలో ప్రతి జాతికీ ఒక మూల విలువ ఉంది, పిజీకి అది 55. ఓడిపోయినదాని లెవెల్‌తో దాన్ని గుణించి 7తో భాగించాలి. 55 × 3 = 165, ఏడో వంతు 23, మిగిలిన ముక్కని ఆట వదిలేస్తుంది. చార్‌మాండర్ 5 నుంచి 6కి ఎక్కాలంటే 44 కావాలి. అంటే అలాంటి పిజీలు రెండు చాలు.

ఈ లెక్కలో మీ పోకెమాన్ లెవెల్ ఎక్కడా లేదు, గమనించండి. 5వ లెవెల్ చార్‌మాండర్ కొట్టినా, అది పెరిగి 50వ లెవెల్ చారిజార్డ్ అయ్యాక కొట్టినా ఆ పిజీ ఇచ్చేది అదే 23. ఎదటివాడి లెవెల్ ఎక్కువైతే ఎక్కువ, జాతి పెద్దదైతే ఎక్కువ. పిజీకి 55 అయితే, అది పెరిగి అయ్యే పిజియట్టోకి 113. అందుకే ఒకేచోట చిన్న పిట్టల్ని వందల కొద్దీ కొట్టేకన్నా, మీకు ప్రాణం మీదకి రానంత వరకూ ముందు రూటుకి వెళ్లి పెద్దవాటితో తలపడటం లాభం.

అడవిలో దొరికేదానికన్నా ట్రైనర్ (ఆటలో మనలాగే పోకెమాన్‌లని పెంచే మనిషి) చేతిలో ఉన్నది ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. మొదటి జిమ్‌లో (గెలిస్తే బ్యాడ్జ్ ఇచ్చే పోటీ చోటు) బ్రాక్ దగ్గరుండే రాతి పోకెమాన్ ఓనిక్స్ 14వ లెవెల్. దాని మూల విలువ 108. లెక్క కడితే 216, ట్రైనర్‌ది కాబట్టి 324. ఒక్క దెబ్బకి పద్నాలుగు పిజీలంత. చార్‌మాండర్ తీసుకున్నవాళ్లు ఈ రాళ్ల దగ్గరే ఏడుస్తారు, మంట రాయి మీద సరిగ్గా పనిచెయ్యదు కాబట్టి. 13వ లెవెల్‌కి చార్‌మాండర్ మెటల్ క్లా నేర్చుకుంటుంది. అది వచ్చాకే బ్రాక్ తలుపు తట్టండి. అంతదాకా ఓపిక లేకపోతే రూట్ 22లో మాంకీని పట్టుకోండి.

ఒకటిన్నర రెట్లు ఇంకో రెండు చోట్ల వస్తుంది. ఇంకొకరి దగ్గర మార్చుకుని తెచ్చుకున్న పోకెమాన్‌కి ప్రతి యుద్ధంలోనూ ఒకటిన్నర. లక్కీ ఎగ్ అనే వస్తువు పట్టుకున్నదానికి ఒకటిన్నర. అయితే మార్చుకున్నది 10వ లెవెల్ దాటితే బ్యాడ్జీలు లేనివాళ్ల మాట వినదు. రెండో బ్యాడ్జ్ వస్తే 30వ లెవెల్ దాకా, నాలుగోది వస్తే 50 దాకా, ఆరోది వస్తే 70 దాకా వింటుంది. ఎనిమిదీ వస్తేనే పూర్తిగా మీది.

పైకి పోయేకొద్దీ బరువు

చాలా జాతులకి ఎక్స్‌పీ లెక్క మనం బళ్లో చదువుకున్న ఘనమే. 10వ లెవెల్‌కి 10 ఘనం, 1,000. 50కి 1,25,000. 100కి పది లక్షలు. 10 నుంచి 11కి ఎక్కాలంటే 331 చాలు, 50 నుంచి 51కి 7,651 కావాలి. పికాచు, కేటర్‌పీ, జూబాట్, రటాటా ఈ లెక్కలో నడుస్తాయి.

అన్నీ ఇలా ఉండవు. క్లెఫెయిరీ, చాన్సీ లాంటివి త్వరగా ఎదుగుతాయి, 100కి 8 లక్షలు చాలు. చార్‌మాండర్, పిజీ, మాచాప్, జియోడ్యూడ్‌లది 10,59,860. మాజికార్ప్, డ్రాటీనీ, గ్రోలిత్ వంటివి నిదానం, వాటికి 12,50,000. అందుకే ఒకే యుద్ధాలు చేసిన రెండు పోకెమాన్‌లలో ఒకటి వెనకబడితే కంగారు పడక్కర్లేదు. దాని దారి అంతే. రేర్ క్యాండీ దొరికితే చిన్నప్పుడే పెట్టెయ్యకండి. అది ఏ లెవెల్‌లో పెట్టినా ఒక్క లెవెల్ పెంచుతుంది. 331 మిగుల్చుకునే చోట వాడతారా, 7,651 మిగుల్చుకునే చోటా?

చేప సంగతి

మౌంట్ మూన్ ముందు, రూట్ 4 పోకెమాన్ సెంటర్లో ఒకాయన 500కి మాజికార్ప్‌ని అమ్ముతాడు. 5వ లెవెల్. దానికి వచ్చింది స్ప్లాష్ ఒక్కటే, ఎగిరి నీళ్లలో పడటం. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొన్న రోజు అమ్మకి ఫోన్లో చెప్తే, "పులస అయ్యేలోపల విలసేనే. వదలకు" అంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. ఆట తయారుచేసినవాళ్లు మనసులో పెట్టుకున్నది వేరే కథ. ఎదురీది ద్వారం దాటిన కార్ప్ చేప డ్రాగన్ అవుతుందని చైనావాళ్ల పురాణం. కార్ప్ అంటే మన చెరువుల్లో పెరిగే బంగారుతీగే. కథ ఎక్కడిదైనా నాకు మాత్రం అమ్మ మాటే పట్టుకుంది.

మాజికార్ప్ 20వ లెవెల్‌కి గ్యారడోస్ అవుతుంది. నిదానం జాతి కాబట్టి 20కి కావలసింది సరిగ్గా 10,000 ఎక్స్‌పీ. 5వ లెవెల్‌లో దాని దగ్గరున్నది 156. మిగతా 9,844 కొట్టడం రాని చేపకి ఎలా తెస్తారు?

ఇక్కడే మార్పిడి పద్ధతి నేర్చుకోవాలి. ఎదటిది బరిలో ఉండగా ఎన్ని పోకెమాన్‌లు దిగాయో, వాటిలో స్పృహ తప్పకుండా మిగిలినవన్నీ ఎక్స్‌పీని సమానంగా పంచుకుంటాయి. ఒక్క క్షణం కనపడి వెనక్కి వెళ్లినా వాటా వాటాయే. చేపని జట్టులో మొదట పెట్టండి. యుద్ధం మొదలవగానే మొదటి వంతులోనే దాన్ని వెనక్కి పిలిచి గట్టిదాన్ని దించండి. మార్పిడి ముందు జరుగుతుంది, ఎదటిది దెబ్బ కొట్టేది తర్వాత. అందుకని ఆ దెబ్బ కొత్తగా దిగినదానికి తగులుతుంది, చేపకి కాదు. దిగేది ఆ ఒక్క దెబ్బకి తట్టుకునేదై ఉండాలి.

నేను చేసింది మౌంట్ మూన్‌లో గబ్బిలాల్లాంటి జూబాట్‌ల మీద, పికాచుని జతపెట్టి. 8వ లెవెల్ జూబాట్ అంటే 54 × 8, ఏడో వంతు 61. ఇద్దరు పంచుకుంటే తలా 30. అలా లెక్కేస్తే మూడొందల ఇరవై తొమ్మిది జూబాట్‌లు. నోట్‌బుక్‌లో ఒక్కోదానికి ఒక్కో గీత, అయిదు గీతలకి ఒక కట్ట. కాలవలు కట్టేసిన నెల అది. మా ఇంటెనక కాలవలో నీళ్లు మోకాల్లోతుకి దిగిపోయి, పిల్లలంతా బురదలో చేపలు తడుముతుంటే నేను గట్టుమీద కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని గీతలు పెట్టేదాన్ని. మధ్యలో దొరికిన ట్రైనర్లందరికీ చేపని ముందు చూపించడంతో మూడొందల దాకా పోలేదు, మూడు వారాల్లో అయిపోయింది. 15వ లెవెల్‌కి టాకిల్ నేర్చుకుని మొదటిసారి తనే ఒక రటాటాని పడగొట్టినప్పుడు కేక పెట్టాను, కాలవలో పిల్లలు తలెత్తి చూశారు.

20కి తెర తెల్లబడి, చేప పోయి అంతెత్తు జీవి నిలబడింది. నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్నది: హెచ్‌పీ (ఎంత దెబ్బకి తట్టుకుంటుందో చెప్పే అంకె) 41 నుంచి 71. అటాక్ 12 నుంచి 58. ఆ రాత్రి అమ్మకి చెప్తే నవ్వి, "అంత అయ్యిందా! ఏం పెట్టి పెంచావే?" అంది. ఆ ప్రశ్నకి సరైన జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ జవాబే మా వాడి పికాచు సంగతి కూడా.

ఈ మార్పిడి కష్టం తప్పించే వస్తువు ఒకటుంది, ఎక్స్‌పీ షేర్. అది పట్టుకున్న పోకెమాన్ బరిలోకి దిగకపోయినా సగం ఎక్స్‌పీ దానికి వెళ్తుంది. యాభై రకాలు పట్టుకున్నాక రూట్ 15 దగ్గర గేటు మేడమీద ఓక్ ప్రొఫెసర్ సహాయకుడు ఇస్తాడు. యాభై రకాలంటే చాలా పని అనుకుంటారు. కనపడ్డ ప్రతిదాన్నీ పట్టుకుంటూ పోతే అక్కడికి వెళ్లేసరికి అయిపోతాయి.

ఏం పెట్టి పెంచావు

మా ఆయన వనామి రొయ్యల చెరువులు చేస్తారు. ఒకే హ్యాచరీ సీడ్, ఒకే రోజున రెండు చెరువుల్లో వేస్తారు. డెబ్బై రోజులకి వల వేసి చూస్తే ఒకటి 60 కౌంట్ (కిలోకి 60 రొయ్యలు) ఉంటుంది, పక్కది 90 దగ్గరే ఆగుతుంది. రోజులు ఒకటే. నీరు, మేత, చెక్ ట్రేలో తిన్నది తేడా. పోకెమాన్‌లో లెవెల్ అంటే ఆ రోజుల లెక్క. కౌంట్ వేరే చోట తయారవుతుంది.

ఒకటి పుట్టుకతో వస్తుంది. ప్రతి పోకెమాన్‌కీ హెచ్‌పీ, అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ అని ఆరు గుణాలు. ఒక్కోదానికి 0 నుంచి 31 వరకూ పుట్టుక పాయింట్లుంటాయి, ఐవీ అంటారు. పట్టుకున్న క్షణంలోనే అవి ఖాయం, మార్చలేం. నేచర్ అని ఇంకోటి, మొత్తం 25 రకాలు. ఎక్కువ నేచర్లు ఒక గుణాన్ని పదో వంతు పెంచి ఇంకోదాన్ని పదో వంతు తగ్గిస్తాయి. అడమంట్ అయితే అటాక్ పెరిగి స్పెషల్ అటాక్ తగ్గుతుంది. దీన్ని వివరాల పేజీలో చూడొచ్చు.

మన చేతిలో ఉన్నది ఈవీ. ఎఫర్ట్ వాల్యూ అంటారు. మీరు పడగొట్టిన ప్రతి పోకెమాన్ ఎక్స్‌పీతో పాటు ఏదో ఒక గుణంలో ఒకటో రెండో మూడో పాయింట్లు గుట్టుగా ఇచ్చి వెళ్తుంది. పిజీ, రటాటా, జూబాట్, మాజికార్ప్ ఒక్కోటి స్పీడ్‌లో 1 ఇస్తాయి. జియోడ్యూడ్ డిఫెన్స్‌లో 1. మాచాప్ అటాక్‌లో, గ్యాస్ట్లీ స్పెషల్ అటాక్‌లో, కేటర్‌పీ హెచ్‌పీలో. పిజియట్టో స్పీడ్‌లో 2. తెర మీద ఎక్కడా చూపించరు. నాలుగు ఈవీలు పోగైతే 100వ లెవెల్‌లో ఆ గుణం ఒక పాయింట్ పెరుగుతుంది. 50లో అయితే అందులో సగం, 30లో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ.

ఒక జీవికి మొత్తం 510 ఈవీలే పడతాయి, ఒక్క గుణంలో 255కి మించవు. నాలుగుతో భాగించుకుంటే 252 దగ్గరే 63 పాయింట్లు వచ్చేస్తాయి, పైన మూడూ వృథా. కాబట్టి కావలసిన రెండు గుణాల్లో 252 చొప్పున నింపి, మిగిలిన ఆరూ ఎక్కడో ఒకచోట పడేయడం బాగా ఆడేవాళ్ల అలవాటు.

నేను ఎక్కడా చెప్పగా వినని ముఖ్యమైన మాట ఇంకోటి చెప్తాను. ఎక్స్‌పీని పంచుకుంటాయి కానీ ఈవీని పంచుకోవు. యుద్ధంలో దిగిన ప్రతిదానికీ పూర్తి ఈవీ వస్తుంది, ఎక్స్‌పీ షేర్ పట్టుకున్నదానికి కూడా. అంటే నా చేప, నా పికాచు కలిసి కొట్టిన ప్రతి జూబాట్ ఇద్దరికీ స్పీడ్‌లో ఒక్కో పాయింట్ వేసింది. 30వ లెవెల్‌కి వచ్చేసరికి నా పికాచు ఖాతాలో అలా నూట ఇరవై దాకా పడ్డాయి. మా వాడి పికాచు 63, నాది 72 అవడానికి కారణం ఆ గబ్బిలాలే. డే కేర్‌లో అడుగుకి ఒక ఎక్స్‌పీ వస్తుంది, ఈవీ ఒక్కటి కూడా రాదు. రేర్ క్యాండీ కూడా అంతే.

డబ్బుతో కూడా ఈవీ కొనొచ్చు. సెలడన్ డిపార్ట్‌మెంట్ స్టోర్లో ప్రోటీన్, ఐరన్, కార్బోస్ లాంటి సీసాలు ఒక్కోటి 9,800. సీసాకి 10 ఈవీలు. అయితే ఆ గుణంలో 100 నిండాక సీసా పనిచెయ్యదు. సీసాలు తాగించాలనుకుంటే ముందు తాగించి తర్వాత యుద్ధాలకి తీసుకెళ్లండి. తిరగేస్తే డబ్బు దండగ.

గ్యారడోస్‌ని పెంచేవాళ్లకి ఒక మాట. ఈ ఆటలో నీటి దాడులన్నీ స్పెషల్ అటాక్ చూసుకుంటాయి. గ్యారడోస్ మూల అటాక్ 125, స్పెషల్ అటాక్ 60. దానికి సర్ఫ్ నేర్పించి ఇంత పెద్దది ఇంతే కొడుతుందేమిటని బాధపడేవాళ్లని చూశాను. ఎర్త్‌క్వేక్ లాంటి అటాక్ చూసుకునే దాడులు నేర్పండి, ఈవీలు అటాక్‌లో, స్పీడ్‌లో నింపండి. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ నుంచి దాడికో లెక్క పెట్టారు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు.

మారడానికి తొందరేం లేదు

కేటర్‌పీ 7వ లెవెల్‌కి మెటాపాడ్, 10కి బటర్‌ఫ్రీ. 10కి కావలసింది వెయ్యి ఎక్స్‌పీయే, మొదటి రోజే రెక్కలొస్తాయి, కన్‌ఫ్యూజన్ కూడా వస్తుంది. ఈ ఆటని పుట్టించిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టుకునే పిల్లాడట. తూనీగ తోకకి దారం కట్టి తిరిగిన నాకు ఆ మాట చదివినప్పుడు ఆ మనిషి మా ఊరివాడే అనిపించాడు. ఇలాంటి చిన్న జీవుల్ని వెంటనే మారనివ్వండి.

రాయితో మారేవాటి దగ్గర మాత్రం ఆగాలి. పికాచుకి థండర్ స్టోన్ పెడితే రాయ్‌చు అవుతుంది. ఆ తర్వాత లెవెల్ ఎక్కినా కొత్త దాడులు నేర్చుకోదు. పికాచు 26వ లెవెల్‌కి థండర్‌బోల్ట్ నేర్చుకుంటుంది. అది వచ్చేదాకా రాయి సంచిలోనే ఉంచండి. గ్రోలిత్‌కి ఫ్లేమ్‌త్రోయర్ 49కి వస్తుంది, అంత ఓపిక ఉందో లేదో మీరే చూసుకోండి. లెవెల్‌తో మారేదాన్ని ఆపాలంటే మారుతున్నప్పుడు బీ బటన్ నొక్కితే చాలు, తర్వాతి లెవెల్‌కి మళ్లీ అడుగుతుంది.

డే కేర్ గురించి నా గుండెల్లో ముల్లు ఒకటుంది. రూట్ 5లో డే కేర్ ఆయన దగ్గర నా చార్‌మీలియన్‌ని (చార్‌మాండర్ పెరిగి అయ్యేది) 24వ లెవెల్‌లో వదిలాను. దాడుల జాబితాలో మొదటి గడిలో డిగ్ పెట్టుకున్నాను, రాళ్లనీ కరెంటువాటినీ అదే కాపాడేది. సైకిలెక్కి అయిదువేల అడుగులు తిరిగి, 400 కట్టి తెచ్చుకుంటే 27 అయ్యింది. డిగ్ లేదు, దాని బదులు స్కేరీ ఫేస్ ఉంది. అక్కడ ఉన్నప్పుడు కొత్త దాడి నేర్చుకునే లెవెల్ వస్తే మనల్ని అడగరు, గడులన్నీ నిండి ఉంటే మొదటి గడిలోది తీసేసి కొత్తది పెట్టేస్తారు. డిగ్ నేర్పే టీఎం అనే వస్తువు ఒకసారి వాడితే పోతుంది, నాది అయిపోయింది. ఆ సాయంత్రం అన్నం తినలేదు. మీరు వదిలేముందు ఆ లెవెళ్ల మధ్య అది ఏం నేర్చుకుంటుందో తెలుసుకుని, దాటకముందే తెచ్చేసుకోండి.

29 నుంచి 43

ఎక్కువమంది ఆట వదిలేసే చోటు ఇది. నాలుగో జిమ్‌లో ఎరికా దగ్గర గట్టివి 29వ లెవెల్. అయిదో జిమ్‌లో కోగా దగ్గరుండే వీజింగ్ 43. మధ్యలో ఒక్క పికాచు లెక్కలోనే 55,118 ఎక్స్‌పీ. గడ్డిలో తిరుగుతూ అంత తేవాలంటే విసుగొస్తుంది.

వర్మిలియన్ పోకెమాన్ సెంటర్లో ఒకావిడ వీఎస్ సీకర్ ఇస్తుంది. చాలామంది తీసుకుని మర్చిపోతారు. ఇది వంద అడుగులకి ఒకసారి నిండుతుంది. ఓడిపోయిన ట్రైనర్లున్న చోట నొక్కితే, వాళ్లలో కొందరు మళ్లీ యుద్ధానికి వస్తారు. మీరు ముందుకెళ్లేకొద్దీ వాళ్ల పోకెమాన్‌లూ పెరిగి ఉంటాయి. ఒకటిన్నర రెట్ల ఎక్స్‌పీ, పైగా డబ్బు. సెంటర్‌కి దగ్గర్లో ముగ్గురు నలుగురు ట్రైనర్లు వరసగా నిలబడే రూటు ఒకటి చూసుకోండి. అక్కడ పైకీ కిందకీ నడవండి, నిండగానే నొక్కండి, జట్టులో వెనకబడినదాన్ని ముందు పెట్టి మార్పిడి చెయ్యండి. ఆరుగురినీ ఒకేసారి పెంచాలని చూడకండి, నలుగురు చాలు. వచ్చే జిమ్‌లో అన్నిటికన్నా గట్టిదానికి మీ నలుగురూ రెండు మూడు లెవెళ్ల దగ్గరలోకి వస్తే వెళ్లిపోవచ్చు. అంతకన్నా ఎక్కువ పెంచుకుని వెళ్తే గెలుస్తారు కానీ యుద్ధం చేసిన తృప్తి ఉండదు, నాకైతే.

కొత్త ఆటలు ఆడేవాళ్లకి

2013లో వచ్చిన ఎక్స్, వైల నుంచి ఎక్స్‌పీ షేర్ ఒక్కదానికి కాదు, జట్టంతటికీ పనిచేస్తుంది, పట్టుకున్నా ఎక్స్‌పీ వస్తుంది. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లలో అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఆపలేం. ఎక్స్‌పీ క్యాండీలు కూడా వాటిలోనే వచ్చాయి. అన్నిటికన్నా చిన్నది 100, పెద్దది 30,000 ఇస్తుంది. 2010లో వచ్చిన బ్లాక్, వైట్‌లలో ఒకసారి, మళ్లీ 2016లో వచ్చిన సన్, మూన్ నుంచి మీ లెవెల్ కూడా లెక్కలోకి వచ్చింది. చిన్నది పెద్దదాన్ని కొడితే ఎక్కువ, పెద్దది చిన్నదాన్ని కొడితే తక్కువ. ఈవీ మొత్తం 510 అలాగే ఉంది, ఒక్క గుణంలో హద్దు మాత్రం 252 అయ్యింది.

ఇంక మా వాడి పికాచు. నాలుగో మధ్యాహ్నం వాడు అడిగాడు, "అయితే దీన్ని వదిలేసి కొత్తది పట్టుకోనా పిన్నీ?"

"ఎందుకు నాన్నా? 510 ఈవీలూ దాదాపు ఖాళీగా ఉన్నాయి. నాదాంట్లో ఏవేవో పడిపోయాయి, నీదాంట్లో నీకు కావలసినవే నింపుకోవచ్చు."

వాడిని రూట్ 13 గడ్డిలోకి తీసుకెళ్లమన్నాను. అక్కడ 29వ లెవెల్ పిజియట్టోలు తిరుగుతాయి. ఎగిరేవి కాబట్టి పికాచు థండర్‌బోల్ట్‌కి ఒక్కదెబ్బకి పడతాయి. ఒక్కోటి 113 × 29, ఏడో వంతు 468 ఎక్స్‌పీ, స్పీడ్‌లో 2 ఈవీలు. 30 నుంచి 31కి 2,791 కావాలి. కాయితం మీద ఎన్ని పిజియట్టోలో వాడినే లెక్కెయ్యమన్నాను. ఆరు అన్నాడు. ఈవీలు పోగైనా ఈ ఆటలో లెవెల్ ఎక్కినప్పుడే అంకెలు మారతాయని కూడా చెప్పాను, మధ్యలో చూసి నిరాశపడకుండా.

అరుగు మీద అమ్మ కొబ్బరీనెలు చీరుతోంది. ఆవిడ కువైట్ నుంచి వచ్చేసి చాలా ఏళ్లయ్యింది. ఆరో పిజియట్టో పడింది. తెర మీద 31 వచ్చింది, కింద స్పీడ్ పక్కన 3 పెరిగి 66 అయ్యింది. ఈవీ లేకపోతే 65 దగ్గర ఆగేది. వాడు ఆ అంకె వేలితో చూపిస్తూ అమ్మమ్మ దగ్గరకి పరిగెత్తాడు. ఆవిడ ఈనెల కత్తి పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని తెర లోపలికి చూసి, "ఏం పెట్టార్రా దీనికి?" అంది.